సిగార్ పెట్టె, తునికాకు తడిగుడ్డ

ఖరీదైన సిగార్లు దాచేవాళ్లు ముందు కొనేది హ్యుమిడార్, అంటే తేమ నిలిపే చెక్కపెట్టె. లోపల తేమ 65–70 శాతం ఉండాలి. తగ్గితే ఆకు పగులుతది, బాగా పెరిగితే బూజు పడుతది. అందుకే పెట్టెలో ఒక చిన్న మీటర్ పెడతరు.

ఇదే లాజిక్ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చేసే ఆడవాళ్లకు మీటర్ లేకుండానే తెలుసు. తునికాకు నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచుతరు. ఆరిన ఆకు చుట్టబోతే చిట్లుతది. చుట్టినంక మాత్రం తేమ పనికిరాదు, బీడీని వేడికి ఆరబెట్టాల్సిందే.

1966లో వచ్చిన కార్మిక చట్టం పేరులోనే బీడీ, సిగార్ పక్కపక్కన ఉన్నాయి. కానీ సిగార్‌కున్న మీటర్ బీడీ చేసే ఇంట్లో ఉండదు. రోజంతా పీల్చే పొగాకు దుమ్ముకు లెక్క లేదు. మీ ఇంట్లో అమ్మ చాట ముందేసుకుంటే కిటికీ తెరవండి, ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి.