ఐఐటీ పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున తప్పకుండా వినిపించే మాట ఐఐటీ. ఆ మాట వెంట నాలుగు నమ్మకాలు కూడా వస్తాయి. అక్కడ చదివేవాళ్ళు పుట్టుకతోనే మేధావులట. పుస్తకం తప్ప లోకం తెలియదట. అంతా డబ్బున్నవాళ్ళ పిల్లలేనట. చదువు కాగానే అమెరికా విమానం ఎక్కేస్తారట. బ్యాంకులో విద్యా ఋణాల పని చాలా ఏళ్ళు చూసినవాణ్ణి కనుక ఈ మాటలు ఎన్నోసార్లు విన్నాను. నేను చదివింది బి.కాం. మా అన్నయ్య కూతురు మద్రాసు ఐఐటీలో చేరిన తర్వాతే ఆ ఆవరణలో అడుగుపెట్టాను. అక్కడ చూసినదీ, తెలుసుకొన్నదీ మన కుటుంబాలకు పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మద్రాసు ఐఐటీ 1959లో పశ్చిమ జర్మనీ సహాయంతో ఏర్పడింది. గిండీ అడవిని ఆనుకొని ఆరువందల ఎకరాలకు పైబడిన స్థలం. దారిలో జింకలు నిలబడి చూస్తుంటాయి. హాస్టళ్ళకు గోదావరి, కావేరి, నర్మద, శరావతి అని నదుల పేర్లు. అరిగిపోయిన చెప్పులతో, పాత సైకిళ్ళ మీద క్లాసులకు పరుగెత్తే పిల్లలను చూస్తే మన వీధి పిల్లల్లాగే ఉన్నారు.

మొదటి నమ్మకం సంగతి చూద్దాం. అక్కడ చేరినవాళ్ళందరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో ఫస్టు వచ్చినవాళ్ళే. కానీ క్లాసులో అరవైమంది ఉంటే అరవైమందీ ఫస్టు రాలేరు కదా! ఎస్ గ్రేడు కొందరికే వస్తుంది. బడిలో ఎన్నడూ రెండో స్థానం ఎరుగని పిల్లవాడు మొదటి సెమిస్టరులోనే తాను మధ్యరకం అని తెలుసుకొంటాడు. వాళ్ళలో చాలామంది మేధావులు కాదు, కష్టపడేవాళ్ళు. తోటివాళ్ళను చూసి భయపడేవాళ్ళు కూడా.

పుస్తకాల పురుగులా? అక్కడి సారంగ్, శాస్త్ర ఉత్సవాలను విద్యార్థులే నడుపుతారు. చందాలు తెచ్చేది, ఖర్చులకు లెక్క వ్రాసేది వాళ్ళే. 2006 నుంచి అక్కడ ఎం.ఏ. చదువు కూడా ఉంది. 2024లో క్రీడాకారులకు, 2025లో సంగీత నృత్యాది కళల్లో రాణించినవారికి ప్రత్యేక సీట్లు పెట్టారు. అయితే వాటికీ ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకోవలసిందే. ఆడపిల్లలు తక్కువగా ఉన్నారని 2018 నుంచి ఐఐటీలన్నింటిలో వారికి అదనపు సీట్లు కల్పించారు.

డబ్బున్నవాళ్ళకే అన్న మాటలో సగం నిజముంది. కోచింగుకు లక్షలు పోయగలవాళ్ళకు దారి సులువు. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా వ్రాయవచ్చు గాని, అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే. తెలుగు మీడియం పిల్లలకు ఇది అడ్డంకే. కానీ సీటు వచ్చిన తర్వాత పరిస్థితి వేరు. 2016లో ఏడాది ట్యూషన్ ఫీజు 90 వేల నుంచి 2 లక్షలకు పెరిగినప్పుడే మినహాయింపులు కూడా ప్రకటించారు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ఫీజు లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల లోపైతే మూడింట రెండు వంతుల మాఫీ. హాస్టలు, మెస్సు ఖర్చులు వేరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఇటువంటి సంస్థల్లో చేరినవారికి తాకట్టు, హామీదారు లేకుండా ఋణం దొరుకుతుంది.

ఇక అమెరికా. ఒక తరం అలా వెళ్ళిన మాట నిజమే. అందరూ వెళ్ళలేదనడానికి మన ఊళ్ళోనే సాక్ష్యముంది. మద్రాసు ఐఐటీలో చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో ఏథర్ సంస్థను స్థాపించారు. వాళ్ళ విద్యుత్ స్కూటర్ల ఫ్యాక్టరీ 2021లో హోసూరులో మొదలైంది. పత్రికల్లో వచ్చే కోటి రూపాయల జీతాలు కొద్దిమందివే. ఉద్యోగం చేతికి రాకుండానే బయటికి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు.

ఇదంతా ఎందుకంటే, ఈ నమ్మకాలు పిల్లలకు రెండు వైపులా హాని చేస్తున్నాయి. కృష్ణగిరి దగ్గర మామిడితోట రైతు ఒకాయన పంట ఋణానికి వచ్చినప్పుడు కూతురి లెక్కల మార్కులు చూపి మురిసిపోయాడు. పరీక్ష వ్రాయించమన్నాను. "అదంతా గొప్పోళ్ళకు సార్, మనలాంటోళ్ళకు కాదు" అన్నాడు. ఆ పాప దరఖాస్తు కూడా పెట్టలేదు. ఇంకో వైపు, సీటు వచ్చిన పిల్లవాణ్ణి ఊరంతా భుజాన ఎత్తుకొంటుంది. వాడికి మార్కులు తగ్గితే ఆ మాట చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి ఉండడు. 2023లో కొద్ది నెలల వ్యవధిలోనే మద్రాసు ఐఐటీ విద్యార్థులు పలువురు ప్రాణాలు తీసుకొన్నారు. ప్రతి మరణానికీ కారణం ఒకటే అని అనలేము. కానీ, "ఐఐటీవాడివి, నీకేం లోటు" అనే మాట బాధలో ఉన్న పిల్లవాడి నోరు నొక్కేస్తుందని మాత్రం చెప్పగలను.

మా అన్నయ్య కూతురు రెండో ఏట ఒక సబ్జెక్టు తప్పింది. ఆ సంగతి ముందు వాళ్ళ నాన్నకు కాదు, మా ఆవిడకు చెప్పింది. మా ఆవిడ గ్రేడు సంగతి ఎత్తకుండా, "భోంచేశావా తల్లీ? ఎప్పుడొస్తావు?" అని అడిగిందట. ఆ అమ్మాయి మరుసటి ఏడు ఆ సబ్జెక్టు గట్టెక్కింది.

మీ పిల్లలకు లెక్కలు వస్తే పరీక్ష వ్రాయించండి. సీటు రాకపోతే లోకం మునిగిపోదు. 2020లో మద్రాసు ఐఐటీయే డేటా సైన్సులో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. దానికి జేఈఈ అక్కరలేదు, వాళ్ళు పెట్టే అర్హత పరీక్ష చాలు. సీటు వస్తే సంతోషంగా పంపండి. పంపిన తర్వాత ఫోనులో మార్కుల కంటే ముందు మనిషిని పలకరించండి. ఎవరైనా కుమిలిపోతున్నట్లు అనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.