హోమ్ సైన్స్ అంటే వంటల క్లాసేనా?

"ఇంటి పనికి డిగ్రీ ఎందుకు?" హోమ్ సైన్స్‌లో చేరే అమ్మాయికి ఈ ప్రశ్న తప్పదు. అబ్బాయి చేరితే ఇక చెప్పనక్కర్లేదు!

హైదరాబాద్ సైఫాబాద్‌లోని ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలలో ఇది ఇప్పుడు నాలుగేళ్ల బి.ఎస్సీ. ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్. పోషణ, శిశు వికాసం, వస్త్రశాస్త్రం, వినియోగదారుల శాస్త్రం అన్నీ ఇందులోనే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత. ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టించేది నిమ్మకాయలోని సి విటమిన్. అడ్డుకునేది భోజనం కాగానే తాగే టీలోని టానిన్లు. ఇంతవరకూ రసాయనశాస్త్రమే. మరి అందరూ తిన్నాక మిగిలింది తినే ఆమె కంచంలోకి ఆ కూర చేరేదెలా? అందుకే పోషణ పాఠం పక్కనే కుటుంబ అధ్యయనమూ ఉంటుంది.