వాట్లు వేరు, వెలుతురు వేరు: దీపాల కొలతలపై వివరణ

వీధిదీపాలను గురించిన వార్తలలోను, కార్యాలయ ప్రతిపాదనలలోను దీపం సామర్థ్యాన్ని వాట్లలో తెలుపుట పరిపాటి. పాత దీపానికి బదులు తక్కువ వాట్ల దీపం అమర్చినపుడు వెలుతురు తగ్గినదనుటకు గాని, తగ్గలేదనుటకు గాని ఈ అంకె ఒక్కటే ఆధారం కాజాలదు. పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఈ కొలతల వివరాలు దిగువ ఇవ్వడమైనది.

వాటు అనగా దీపం ఎంత వేగంగా విద్యుత్తును వినియోగించునో తెలుపు కొలత. ల్యూమెన్ అనగా దీపం నుండి వెలువడు, కంటికి కనిపించు మొత్తం వెలుతురుకు కొలత. ఒక చదరపు మీటరు స్థలంపై ఒక ల్యూమెన్ వెలుతురు పడినచో అది ఒక లక్స్.

వాట్లను ల్యూమెన్లుగా మార్చుటకు అన్ని దీపాలకు వర్తించు ఒకే సూత్రం లేదు. ఒక వాటుకు ఫిలమెంటు బల్బు సుమారు 12 ల్యూమెన్లు, సి.ఎఫ్.ఎల్. సుమారు 60 ల్యూమెన్లు, ఎల్.ఇ.డి. బల్బు సుమారు 100 ల్యూమెన్లు ఇచ్చును. కావుననే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 60 వాట్ల పాత బల్బుకు దీటుగా వెలుగును. రోజుకు 5 గంటల చొప్పున 30 రోజులు వెలిగించినచో పాత బల్బుకు 9 యూనిట్లు, ఎల్.ఇ.డి.కి 1.35 యూనిట్లు ఖర్చగును.

వీధిదీపాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 70 వాట్ల సోడియం దీపం సుమారు 6,000 ల్యూమెన్లు ఇచ్చును. వాటుకు 110 ల్యూమెన్లు ఇచ్చు 35 వాట్ల ఎల్.ఇ.డి. దీపం నుండి వచ్చునది 3,850 మాత్రమే. అయితే సోడియం దీపం వెలుతురు అన్ని దిక్కులకు ప్రసరించి, కొంత దీపపు డొప్పలోనే వృథా అగును. ఎల్.ఇ.డి. వెలుతురు అధికభాగం రహదారి వైపే మళ్లును. కనుక వాట్లు సగమైనంత మాత్రాన వెలుతురు సగమైనదనుట సరికాదు; ఏమాత్రం తగ్గలేదనుట కూడ సరికాదు. రాత్రివేళ రహదారిపై లక్స్ మీటరుతో, స్తంభం క్రింద, రెండు స్తంభాల నడుమ కొలిచిన అంకెలే ప్రమాణం.

ఈ వ్యత్యాసం శ్రమజీవులకు మరింత ముఖ్యం. మాచాని సోమప్ప నాయకత్వంలో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఎమ్మిగనూరులో గుంట మగ్గంపై తెగిన పోగును అతుకు నేతన్నకు కావలసినది పోగుపై పడు వెలుతురు. 2 మీటర్ల ఎత్తున గల బల్బును ఒక మీటరుకు దించినచో దాని క్రింద లక్స్ దాదాపు నాలుగింతలగును. అదనపు యూనిట్ ఒక్కటి కూడ ఖర్చు కాదు. పత్తి వ్యాపారానికి పేరుగాంచిన ఆదోనిలోని జిన్నింగ్ మిల్లుల వంటి కర్మాగారాలలో తగినంత వెలుతురు కల్పించవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్ నిర్దేశించినది.

కావున కొనుగోలు ప్రతిపాదనలలో వాట్లతో పాటు ల్యూమెన్లను, వాటుకు ల్యూమెన్లను అధికారులు పేర్కొనవలెను. పాత్రికేయ మిత్రులు విద్యుత్తు ఖర్చును గురించి వ్రాయునపుడు వాట్లను, వెలుతురును గురించి వ్రాయునపుడు లక్స్‌ను ఆధారంగా గ్రహించగలరు.