టీకాల చీటి - తల్లి కన్నులు

బిడ్డకు టీకాలు సరిగా వేయింపని తల్లిని చూచి, ‘అజ్ఞానము’ అని తేలికగా అనుట లోకమునకు అలవాటు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి మన తెలుగు ఇండ్లలో మేము చూచినంతవరకు, టీకాయే వలదను తల్లి అరుదు. మొదటి సూది వేయించి, తరువాతివి తప్పించినవారే ఎక్కువ. కారణములేమో విచారింతము.

మొదటిది భయము. ఆరు, పది, పదునాలుగు వారముల వయసున వేయు సూదిమందు కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము మున్నగు ఐదు జబ్బులను అడ్డగించును. అది వేసిన రాత్రి కొందరు బిడ్డలకు ఒళ్లు వెచ్చబడును. శరీరము వ్యాధిని ఎదుర్కొనుట నేర్చుకొనుచుండగా ఇట్లగుట సహజము. ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గకున్నను, మూర్ఛ వచ్చినను వైద్యునికి చూపవలెను. ఈ మాట ముందుగా చెప్పువారు లేనిచో, ‘చక్కగా ఆడుకొను బిడ్డకు చేతులార జబ్బు తెచ్చితిని’ అని తల్లి వెరచి, రెండవమారు పోదు.

రెండవది ప్రయాణము. తొలికాన్పు పుట్టింట జరుగుట మన ఆచారము. ఆ పుట్టిల్లు కుప్పము వైపో, కోలారు వైపో ఉండును. అత్తవారింటికి వచ్చునపుడు చీటి అక్కడనే ఉండిపోవును. ముఖ్యమైన టీకాల వరుస దేశమంతట ఒక్కటియే. పొరుగు రాష్ట్రపు చీటిని చూపి ఇచ్చటను వేయించుకొనవచ్చును. నడుమ ఒకటి తప్పినను సాధారణముగా మొదటినుండి ప్రారంభింపనక్కరలేదు, ఆగినచోటనుండి సాగింపవచ్చును.

మూడవది కూలి. సూదికి పోయిన దినమున కూలి పోవును. మరునాడు జ్వరపు బిడ్డను విడిచి పోరాదు.

నాలుగవది భాష. చీటి అరవమున నుండును. తల్లి చదివినది తెలుగు, లేదా ఏమియు లేదు. తేదీ చీటిలోనే ఉన్నను ఆమెకు అందదు.

2011 జనవరి 13వ తేదీన హౌరాలో ఒక బాలికకు వచ్చిన పోలియోయే మన దేశమున సహజముగా సోకిన కడపటిది. ఇది టీకాల ఫలము. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, పన్నెండు మొదలు ఇరువదిమూడు నెలల బిడ్డలలో నూటికి 76 మందికే ప్రధానమైన టీకాలన్నియు పూర్తియైనవి.

విద్యార్థులారా! మీకు రెండు లిపులును వచ్చును. నేటి సాయంకాలము మీ ఇంటనో, పొరుగింటనో ఉన్న పసిబిడ్డ చీటిని తీసి, తరువాతి తేదీని తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుడు. రాత్రి జ్వరము రావచ్చునని, భయము వలదని వదినకో, పిన్నికో చెప్పుడు. పది, పదునారు ఏండ్ల వయసున మీకును ధనుర్వాతపు టీకా ఉన్నదని మరువకుడు. మీరు నేర్చిన రెండు భాషలకు ఇంతకంటె మంచి వినియోగము మాకు తోచుట లేదు.