అటక మీద తాటాకుల కట్ట.. కడపలో బ్రౌన్ ఇల్లు!

మంత్రాలయం వచ్చేవాళ్లు తుంగభద్రలో మునిగి, రాఘవేంద్రుల బృందావనం చూసి రైలెక్కేస్తారు. మాది ఆ ఊరే. మొన్న అదే లైన్లో గుంతకల్లు, తాడిపత్రి మీదుగా కడప వెళ్లాను. ఒక ఇంటి కోసం!

ఆ ఇల్లు సి.పి.బ్రౌన్‌ది. 1798లో కలకత్తాలో పుట్టిన ఈ ఇంగ్లిష్ దొర 1820లో ఉద్యోగం మీద కడప వచ్చాడు. మొదట తెలుగు నేర్చుకున్నది కొలువు కోసమే. తర్వాత వేమన పద్యాలు దొరికాయి. ఇక ఆగలేదు. వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చి 1829లో అచ్చు వేయించాడు.

కడపలో ఓ బంగ్లా కొని, పండితుల్ని పెట్టుకుని, తన జీతంలోంచే వాళ్లకి జీతాలిచ్చాడు. పని ఎలా జరిగేదో తెలుసా? ఒకే కావ్యానికి ఊరూరి నుంచీ తాటాకు ప్రతులు తెప్పించేవాడు. పండితులు వాటిని పక్కపక్కన పెట్టి, తేడాలు చూసి, తప్పులు దిద్ది కాగితం మీదికి ఎక్కించేవాళ్లు. అప్పులు పెరిగినా ఆపలేదు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువును ఇవాళ ఫోన్లో వెతుక్కుంటున్నాం.

పాత బంగ్లా కూలిపోయింది. ఎర్రముక్కపల్లిలోని ఆ చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, చందాలు పోగేసి గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. పుస్తకాలతో పాటు తాళపత్రాలూ ఉన్నాయి.

నా పని కూడా తాటాకులతోనే. మా ఇంటి అటక మీద అవ్వ దాచిన కట్ట ఒకటుంది. ఇల్లు విప్పి కొత్తది కడుతున్నాం. ‘చదివేవాళ్లు లేరు, ఏట్లో కలిపేద్దాం’ అన్నాడు నాయన. అక్కడ ఒక పెద్దాయనకి ఫోన్లో ఫొటోలు చూపించాను. కళ్లజోడు సర్దుకుని, ‘ఏముందో తెలీకుండా ఎట్ల పారేస్తావప్పా? పద్యాలున్నట్టున్నాయి’ అన్నాడు.

బయటికొచ్చి నాయనకి ఫోన్ చేశా. కాసేపు మాట్లాడలేదు. ‘సరే, ముందు చదివించు’ అన్నాడు.

మీ అటక మీదా కట్ట ఉందా? నీళ్లతో కడగొద్దు. అతుక్కున్న ఆకుల్ని లాగొద్దు. వరస చెదరకుండా రెండువైపులా ఫొటోలు తీయండి. నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ తగలని చోట పెట్టండి. తర్వాత చదవగలిగేవాళ్లకి చూపించండి. ఏట్లో వేస్తే మాత్రం ఇంకో ప్రతి దొరక్కపోవచ్చు.