మౌనం... ఇక్కడ పూర్ణాంగీకారం!

పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తున్నారు. కాలింగ్‌ బెల్‌ మోగింది. తలుపు తీస్తే కాగితాల కట్టతో కోర్టు అమీనా. ‘సమన్లు సార్‌, ఇక్కడ సంతకం పెట్టండి’. అంతే... కాఫీ చల్లారిపోతుంది, గుండె దడ మొదలవుతుంది. ఇంట్లో పెద్దావిడ దేవుడి పటం వైపు చూస్తారు. ‘అయ్యో, కోర్టు గడప ఎక్కాల్సి వచ్చిందే’ అని ఇల్లాలు కంగారుపడుతుంది.

జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఇలాంటి ఉదయాలు కొత్తేం కాదు. కథ తనదంటూ ఒకరు, ఇచ్చిన అప్పు తిరిగి రాలేదంటూ ఇంకొకరు, తన పేరూ ఫొటో వాడుకున్నారంటూ మరొకరు... సినిమా ఉన్నచోట దావాలూ ఉంటాయి. చిత్రం ఏమిటంటే, ఆ కాగితం అందుకున్నాక చాలామంది చేసే మొదటి పని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం. రెండోది, ‘మనవాళ్లే కదా, పెద్దల్లో కూర్చుని మాట్లాడుకుందాం’ అనుకోవడం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది!

కాగితం కాదు... గడియారం

సమన్లు అంటే తీర్పు కాదు. అరెస్టు వారెంటు అంతకన్నా కాదు. ‘మీమీద ఫలానావారు ఫలానా దావా వేశారు, మీరేమంటారో చెప్పండి’ అని కోర్టు అడగడమే సమన్లు. దాంతోపాటు వాది కోర్టులో వేసిన దావా కాపీ కూడా వస్తుంది.

ఆ కాగితం చేతికి అందిన రోజు నుంచే గడియారం తిరగడం మొదలవుతుంది. సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ ప్రకారం ప్రతివాది 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. సరైన కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా గడువు పెంచవచ్చు. మామూలు దావాల్లో అసాధారణ పరిస్థితులుంటే ఆ తర్వాతా అనుమతించే అధికారం కోర్టుకు ఉందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కోర్టు దయే తప్ప ప్రతివాది హక్కు కాదు.

సినిమావాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది మరొకటుంది. కాపీరైట్‌ తగాదాలు, ఫైనాన్స్‌ లావాదేవీలు చాలావరకు వాణిజ్య వివాదాల కిందికి వస్తాయి. వివాదం విలువ మూడు లక్షల రూపాయలు, ఆపైన ఉంటే వాణిజ్య కోర్టుకు వెళ్తాయి. అక్కడ 120 రోజులే ఆఖరి గీత. అది దాటితే జవాబు దాఖలు చేసే హక్కే పోతుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

తలుపు తీయకపోతే?

‘సంతకం పెట్టకపోతే సమన్లు అందనట్టే కదా’ అన్నది చాలామంది అపోహ. తీసుకోనంటే అమీనా ఆ కాపీని తలుపుకే అంటించి వెళ్తాడు. రిజిస్టర్డ్‌ పోస్టును తిప్పి పంపినా అందినట్టే కోర్టు భావించవచ్చు. కావాలని తప్పించుకు తిరుగుతున్నారని నమ్మితే పత్రికలో ప్రకటన వేయిస్తుంది. ఇంట్లో తెలిస్తే చాలనుకున్న విషయం అప్పుడు ఊరందరికీ తెలుస్తుంది!

మనిషి ఇంట్లో లేనప్పుడు కుటుంబంలోని పెద్దవాళ్లెవరైనా సమన్లు తీసుకోవచ్చు. పనివాళ్లు మాత్రం చట్టం దృష్టిలో కుటుంబ సభ్యులు కారు. అలాగని ‘వాచ్‌మన్‌కి ఇచ్చారు, నాకు సంబంధం లేదు’ అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. వాయిదా తేదీ ముందే తెలుసని, హాజరయ్యేంత సమయం ఉందని రుజువైతే, కేవలం సమన్లు అందజేయడంలో లోపం చూపించి తీర్పు రద్దు చేయించుకోలేరు.

ఆ రెండు సినిమాలు

2020లో తెలంగాణ కోర్టుల ముందుకు వచ్చిన రెండు సినిమా దావాలు చూస్తే కోర్టు కాగితానికి ఎంత బలముందో తెలుస్తుంది. అమితాబ్‌ బచ్చన్‌ నటించిన ‘ఝుండ్‌’ సినిమా తన హక్కులకు భంగం కలిగిస్తోందంటూ హైదరాబాద్‌ దర్శకుడు నంది చిన్నికుమార్‌ దావా వేశారు. ఆ సెప్టెంబరులో కింది కోర్టు విడుదల ఆపేసింది. నిర్మాతలు హైకోర్టుకు వెళ్లారు. అక్కడా ఊరట దొరకలేదు. నవంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఓటీటీలో విడుదలకు సిద్ధమైన ఆ సినిమా చివరికి 2022 మార్చి 4న థియేటర్లలోకి వచ్చింది.

రామ్‌గోపాల్‌వర్మ ‘మర్డర్‌’ది ఇంకో కథ. మిర్యాలగూడలో 2018లో జరిగిన హత్య నేపథ్యంలో తీస్తున్న ఆ సినిమాను ఆపాలంటూ హతుడి భార్య నల్గొండ కోర్టుకు వెళ్లారు. ఆగస్టులో కోర్టు స్టే ఇచ్చింది. సినిమావాళ్లు హైకోర్టులో తమ వాదన వినిపించారు. నవంబరులో స్టే తొలగిపోయింది.

ఒకరికి ఊరట దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. కానీ ఇద్దరూ చేసింది ఒకటే... సమాధానం చెప్పారు. పెద్ద సంస్థలకు లాయర్లుంటారు, చెప్పగలరు. కృష్ణానగర్‌లో అద్దెకుంటూ స్నేహితుడి ప్రోనోటు మీద హామీ సంతకం పెట్టిన కో-డైరెక్టర్‌ సంగతేమిటి? కాగితాన్ని బీరువాలో దాచిపెట్టేది అలాంటివాళ్లే.

‘కాదు’ అంటే చాలదు

ముందు సమన్లు అందిన తేదీ రాసిపెట్టుకోవాలి. కోర్టు పేరు, దావా నంబరు, వాయిదా తేదీ చూసుకోవాలి. ఇంజంక్షన్‌ కోరుతూ విడిగా పిటిషన్‌ ఉందేమో గమనించాలి, దానికి వేరే కౌంటరు వేయాలి. అగ్రిమెంట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్లో మెసేజ్‌లు ఏవీ చెరిపేయకూడదు. ఆలస్యం చేయకుండా న్యాయవాదికి వకాల్తా ఇవ్వాలి. ఫీజు కట్టుకోలేమని దిగులొద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నిర్ణీత ఆదాయం లోపున్న మిగతావాళ్లకూ ఈ సాయం ఉంది. 15100 నంబరుకు ఫోన్‌ చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

జవాబులో ‘ఇదంతా అబద్ధం’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. దావాలో ఉన్న ప్రతి ఆరోపణకూ విడివిడిగా బదులివ్వాలి. కాదనని ప్రతి మాటా ఒప్పుకున్నట్టే లెక్క! ప్రోనోటుకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. అది దాటిపోయిందా? ఆ కోర్టుకు విచారణ పరిధి ఉందా? ఎదుటివాళ్లే మనకు బాకీ ఉన్నారా? ఇవన్నీ అందులోనే చెప్పాలి.

కథ తగాదాల్లో ఇలాంటి జవాబుకు ఎంత విలువుందో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతుంది. తన ‘హమ్‌ హిందుస్తానీ’ నాటకాన్నే ‘న్యూఢిల్లీ’ సినిమాగా తీశారని నాటక రచయిత ఆర్‌.జి.ఆనంద్‌ దావా వేశారు. రెంటిలోనూ ఉన్నది ప్రాంతీయాభిమానం అనే ఒకే ఇతివృత్తం, అంతేనని సినిమావాళ్లు వాదించారు. ఆలోచన మీద కాపీరైట్‌ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని కోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది.

రాజీ మంచిదే... కానీ!

‘కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట’ అని సామెత. కాబట్టి రాజీ మంచిదే. చట్టమూ కోరుకునేది అదే. మధ్యవర్తిత్వానికి, లోక్‌అదాలత్‌కు కోర్టే పంపిస్తుంది. కాకపోతే ఛాంబర్లో పెద్దలు మాట్లాడుతున్నంత మాత్రాన కోర్టు గడియారం ఆగదు. ఒక చెవితో రాజీ మాటలు వింటూనే రెండో చేత్తో జవాబు దాఖలు చేయాలి. రాజీ కుదిరితే దాన్ని రాతపూర్వకంగా కోర్టులో నమోదు చేయించుకోవాలి.

గడువు దాటి ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తే? జీతం, బ్యాంకు ఖాతా, స్థలం జప్తు దాకా వెళ్లొచ్చు. అప్పుడు కూడా ఒక తలుపు తెరిచే ఉంటుంది. డిక్రీ వచ్చిన 30 రోజుల్లో, సమన్లే సరిగా అందకపోతే విషయం తెలిసిన 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. తగిన కారణం మాత్రం చూపించాలి. ‘భయపడి బీరువాలో పెట్టాను’ అనేది కారణం కాదు.

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. సివిల్‌ కోర్టులో అది పూర్ణాంగీకారం. అందుకే కాఫీ చల్లారినా ఫర్వాలేదు... ఆ కాగితం మీద తేదీ వేసి, లాయరుకు ఫోన్‌ చేయండి!