ఉగాది రోజు నాలుగింటికే లేవాలా..? ముందురోజు రాత్రే ఇవి చేసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.. కానీ అన్నంతో మాత్రం జాగ్రత్త!

పండగ అంటే ఇంటిల్లిపాదికీ సెలవు. వంటింట్లో ఉన్న మనిషికి తప్ప. ఉగాది సంగతే చూడండి. తలంటు, ముగ్గు, మామిడి తోరణాలు, పూజ.. వీటి మధ్యలోనే ఉగాది పచ్చడి, బొబ్బట్లు, పులిహోర, గారెలు, పరమాన్నం. ఇవన్నీ పూజ టైమ్‌కి దేవుడి ముందుకి రావాలి. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు.. చాలా ఇళ్లలో అమ్మే.. తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్టవ్ వెలిగిస్తారు. అందరికీ వడ్డించి, ఆవిడ తినడానికి కూర్చునేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పటికి ఆకలి కూడా చచ్చిపోతుంది.

మరి ముందురోజు రాత్రే కొంత పని తెముల్చుకోలేమా? భేషుగ్గా తెముల్చుకోవచ్చు. అయితే ఏది రాత్రి చెయ్యొచ్చు, ఏది పొద్దున్నే చెయ్యాలి అన్నది తెలియాలి. బొబ్బట్ల పూర్ణానికి పనికొచ్చే పద్ధతి పులిహోర అన్నానికి పనికిరాదు. తేడా వస్తే ఒకచోట రుచి పోతుంది, ఇంకోచోట కడుపే పాడవుతుంది.

అన్నట్టు, ఆచారం మాట ముందే చెప్పుకోవాలి. రాత్రి వండింది దేవుడికి నైవేద్యం పెట్టకూడదని చాలా ఇళ్లలో అనుకుంటారు. మడి కట్టుకుని వండే ఇళ్లలో అయితే ఆ ప్రశ్నే రాదు. కాబట్టి ఇక్కడ చెప్పేది రాత్రే వంట మొత్తం పూర్తి చేసెయ్యమని కాదు. నానబెట్టడం, రుబ్బడం, తరగడం, పులుసు ఉడికించడం లాంటివి ముందే అయిపోతే పొద్దున వంట మాత్రం మిగులుతుంది. మీ ఇంట్లో పూర్ణం రాత్రి చెయ్యడానికి కూడా పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే, నైవేద్యానికి సరిపడా కొంచెం పొద్దున చేసి, ఇంటికి వచ్చేవాళ్ల కోసం చేసేది మాత్రం రాత్రి చేసుకోవచ్చు. గొడవే ఉండదు.

పూర్ణం.. రాత్రి చేస్తేనే నయం

ఆంధ్రాలో బొబ్బట్లు, తెలంగాణలో బక్షాలు, పోలెలు, రాయలసీమలో ఓళిగలు. పేరేదైనా సగం శ్రమ లోపల పెట్టే పూర్ణంలోనే ఉంది. అదృష్టం ఏంటంటే పూర్ణం పూర్తిగా చల్లారాకే బిగుస్తుంది. అంటే రాత్రి చేసి పెట్టుకోవడం వల్ల నష్టం లేకపోగా లాభమే. వేడి వేడి పూర్ణంతో బొబ్బట్టు వత్తబోతే పిండి చిరిగి పెనం నిండా అతుక్కోవడం ఎవరికి తెలియదు చెప్పండి!

గ్లాసు శనగపప్పుకి గ్లాసు బెల్లం తురుము లెక్క. పప్పుని గంట, గంటన్నర నానబెట్టి ఉడికించాలి. గింజని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే మెత్తగా మెదగాలి, కానీ గిన్నెలో మాత్రం గింజ గింజగానే కనిపించాలి. కుక్కర్‌లో పెడితే ఒక విజిల్ ఎక్కువై ముద్దయ్యే ప్రమాదం ఉంది. మొదటిసారి చేసేవాళ్లు విడిగా గిన్నెలో ఉడికించుకుంటే మధ్యమధ్యలో చూసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పప్పు ఇంకా పలుకుగా ఉండగానే బెల్లం వేసేస్తారు, ఎలాగూ ఉడుకుతుంది కదా అని. ఉడకదు. బెల్లంలోని తీపి, దాంట్లో ఉండే కాల్షియం కలిసి పప్పు మెత్తబడకుండా ఆపేస్తాయి. పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే పప్పు ఎలా మొండికేస్తుందో ఇదీ అంతే. తర్వాత అరగంట కలిపినా పలుకు పలుకే.

రెండో సమస్య పూర్ణం జారుగా అవ్వడం. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే.. పప్పులో నీళ్లు సరిగ్గా వంపకపోవడం. జల్లెడలో పోసి పదినిమిషాలు వదిలేయండి. వంపిన నీళ్లు పారబొయ్యొద్దు, అదే కట్టు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పండగ రోజు కట్టు చారుకి పనికొస్తుంది. అప్పటికే జారుగా అయిపోయిందా? కంగారు పడకండి. సన్న మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉంటే నీరు ఇగిరిపోతుంది. ఇంకా తేలకపోతే ఒకట్రెండు చెంచాల పుట్నాల పప్పు పొడి కలిపితే దగ్గరపడుతుంది. రాత్రి చేసుకోవడంలో అసలు ప్లస్ ఇదే.. రాత్రి తొమ్మిదింటికి పూర్ణం జారితే సరిచేసుకోవడానికి టైమ్ ఉంటుంది. పొద్దున ఏడింటికి జారితే ఇంట్లో అందరి మీదా చిరాకే. మా ఇంట్లో ఓసారి అలాగే జరిగింది. ఆ ఏడాది బొబ్బట్లు కాస్తా బూరెలయ్యాయి. రుచికేం లోటు లేదు కానీ, మా అమ్మ మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

చల్లారిన పూర్ణాన్ని నిమ్మకాయంత ఉండలు చేసి, మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజులు హాయిగా ఉంటుంది. పూర్ణంలో బెల్లం ఎంత ఉన్నా తేమ కూడా ఉంటుంది. అందుకే ఉగాది ఎండల్లో రాత్రంతా బయట వదిలెయ్యొద్దు. కొబ్బరి పూర్ణమైతే మరీను. పచ్చికొబ్బరి పడిందంటే ఇంకా త్వరగా పాడవుతుంది.

పై పిండి.. మైదాలో చిటికెడు పసుపు, ఉప్పు, నూనె ధారాళంగా వేసి మెత్తగా కలిపి నాననిస్తారు కదా.. దాన్ని కూడా రాత్రే కలిపి, పైన నూనె రాసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. గోధుమపిండి అయితే తెల్లారేసరికి కొంచెం నల్లబడుతుంది. తినడానికి ఏం కాదు, చూడ్డానికే బాగోదు. గోధుమపిండితో చేసేవాళ్లు పొద్దున్నే కలుపుకోవడం మేలు.

గారెల పిండిలో రాత్రి ఉప్పు వెయ్యొద్దు

మినప్పప్పు నాలుగు గంటలు నానితే చాలు. రాత్రి పడుకునే ముందు నానబోసి పొద్దున రుబ్బుదాం అనుకుంటే ఏడెనిమిది గంటలు నానిపోతుంది. అలా ఎక్కువ నానిన పప్పు నూనె తాగేస్తుంది. అందుకని సాయంత్రం నాలుగైదింటికి నానబోసి, రాత్రి తొమ్మిదింటికి గట్టిగా రుబ్బుకోవాలి. నీళ్లు వెయ్యకుండా కాదు, అవసరమైతే చిలకరించాలి అంతే. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు వాడితే మిక్సీ వేడికి పిండి పాడవదు.

ఉప్పు మాత్రం రాత్రి వెయ్యకండి. ఉప్పు పడితే పిండి నీరొదులుతుంది, పొద్దుటికి జారుగా అవుతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కూడా పొద్దున్నే. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. ఉగాది నాటికి రాత్రిళ్లు కూడా ఉక్కగా ఉంటుంది. బయట వదిలేస్తే పిండి పులిసిపోతుంది. ఇడ్లీకి పులుపు కావాలి, గారెకి కాదు. పొద్దున తీసి చేత్తో నాలుగైదు నిమిషాలు గట్టిగా గిలక్కొట్టండి. చిన్న ఉండ నీళ్లలో వేస్తే తేలాలి. మునిగిందంటే ఇంకాస్త కలపాలి.

పులిహోర.. పులుసు రాత్రి, అన్నం పొద్దున

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. చింతపండు పులుసు ఎంత ముందు చేసినా పర్లేదు. చిక్కటి రసంలో పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, నూనె వేసి.. నూనె పైకి తేలేదాకా ఉడికించి సీసాలో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పులుపు, ఉప్పు, నూనె మూడూ కాపలా కాస్తాయి. పోపులోని పల్లీలు, శనగపప్పు మాత్రం రాత్రే కలిపితే మెత్తబడతాయి. వేయించి విడిగా డబ్బాలో పెట్టుకోండి.

అన్నం అలా కాదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా ఈ బీజాలు చావవు. అన్నం వండి గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే అవి మేలుకుంటాయి, పెరుగుతాయి, విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషంలో ఒక రకానికి వేడి అంటే లెక్కే లేదు. పొద్దున మళ్లీ వేడి చేస్తే సరిపోతుందిలే అనుకుంటాం కదా.. సరిపోదు. బ్యాక్టీరియా చస్తుందేమో కానీ, అప్పటికే తయారైన విషం అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. మామూలు మనిషి ఒకరోజులో తేరుకుంటాడు. చిన్నపిల్లలకి, పెద్దవయసు వాళ్లకి ఒంట్లో నీరు తగ్గిపోతే మాత్రం ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. పండగ పూట ఇంట్లో అందరూ ఒకే గంగాళంలోంచి తింటారు కాబట్టి, పడితే అందరూ పడతారు.

వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచొద్దని, 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన వంటింట్లో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా అంటే ఎనిమిది గంటలు!

ఇక్కడ మీకో డౌట్ రావాలి. మరి పులిహోర కట్టుకుని రైల్లో రెండు పూటలు తినేవాళ్లం కదా? నిజమే. అన్నానికి పులుపు బాగా పట్టిస్తే ఆ బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగలేదు. అందుకే మన పెద్దవాళ్లు ప్రయాణానికి పెరుగన్నం కంటే పులిహోరనే ఎక్కువ నమ్ముకున్నారు. కానీ ఆ పులిహోర పళ్లు పులిసేంత గట్టి పులుపుది. ఇప్పుడు పిల్లలు తినాలని పులుపు తగ్గించి చేసేదానికి ఆ బలం ఉందని అనుకోలేం. చద్దన్నం సంగతి ఏంటని కూడా అడుగుతారు. చద్దన్నం నీళ్లలోనో మజ్జిగలోనో నానుతుంది, పులిసి పులుపెక్కుతుంది. గిన్నెలో పొడిగా మిగిలిపోయిన అన్నం వేరు, అది వేరు.

రుచి పరంగా చూసినా రాత్రి అన్నం పులిహోరకి కలిసిరాదు. ఫ్రిజ్‌లో పెడితే అన్నంలోని పిండిపదార్థం బిగిసిపోయి మెతుకు రాయిలా అవుతుంది. ఆవిరి పడితే మెత్తబడుతుంది కానీ మళ్లీ అదో పని. అన్నం వండటానికి పట్టేది ఇరవై నిమిషాలు. పులుసు రెడీగా ఉంటే మీరు స్నానం చేసి వచ్చేలోపు కుక్కర్ పని కుక్కర్ చూసుకుంటుంది. బియ్యం రాత్రే ఏరి కొలిచి పెట్టుకోండి, చాలు. వేడి అన్నం పళ్లెంలో ఆరబోసి, నూనె, పసుపు పట్టించి, పులుసు, పోపు కలపడమే.

నిమ్మకాయ పులిహోర అయితే రాత్రి చేసుకోగలిగింది ఏమీ లేదు. నిమ్మరసం ముందే పిండి పెడితే చేదెక్కుతుంది.

పచ్చడి, పరమాన్నం

ఉగాది పచ్చడికి రాత్రి వేపపువ్వు కాడలు లేకుండా వలిచి, బెల్లం తురిమి పెట్టుకోండి. ఓపికతో చెయ్యాల్సిన పని వేపపువ్వుదే, టీవీ చూస్తూ పిల్లలు కూడా చెయ్యొచ్చు. చింతపండు నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మామిడికాయ మాత్రం పొద్దున్నే తరగాలి, రాత్రి కోస్తే ముక్క నల్లబడుతుంది. అన్నీ కలపడం కూడా పొద్దున్నే. రాత్రే కలిపేస్తే వేపపువ్వు చేదంతా రసంలోకి దిగిపోయి మిగతా రుచులు తెలియవు.

పరమాన్నానికి బెల్లం నీళ్లు పోసి కరిగించి, వడకట్టి సీసాలో పెట్టుకోండి. ఇసుక, నలకలు తీసే పని తప్పుతుంది. పొద్దున స్టవ్ ఆపి, పాయసం వేడి కాస్త తగ్గాక చల్లటి బెల్లం నీళ్లు పోస్తే పాలు విరిగే భయం చాలావరకు ఉండదు.

ఫ్రిజ్ విషయంలో రెండు మాటలు. పండగ ముందురోజు ఫ్రిజ్ పూలతో, పాలప్యాకెట్లతో, కొబ్బరికాయలతో నిండిపోయి ఉంటుంది. గాలి ఆడకపోతే లోపల చల్లదనం అన్ని మూలలకీ అందదు. పూలు కింద ట్రేలోకి మార్చి పూర్ణానికి, గారెల పిండికి వెనకవైపు చోటివ్వండి. పొగలు కక్కే గిన్నె పెట్టొద్దు, అలాగని చల్లారాలని రాత్రంతా బయటా ఉంచొద్దు. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే అరగంటలో చల్లారుతుంది. రాత్రి కరెంటు పోయిందా? తలుపు తెరవకండి. మూసి ఉన్న ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఉగాది చాలాసార్లు ఆఫీస్ ఉన్న రోజే వస్తుంది. అక్కడ చాలా ఇళ్లలో ముందు వచ్చిన శని, ఆదివారాల్లోనే పూర్ణం చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటారు. అలా పెట్టిన పూర్ణం నెల రోజులైనా బాగుంటుంది. ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింద అరలోకి దించుకుంటే చాలు.

ఇంకో మాట, రాత్రి పని అంటే మళ్లీ అదే మనిషి రాత్రి పదకొండు దాకా నిలబడటం అయితే మాత్రం ఇదంతా దండగ. బెల్లం తురమడం, జల్లెడ పట్టడం, గ్రైండర్ కడగడం.. వీటికి వంట రానక్కర్లేదు.

పొద్దున ఆరింటికి లేచినా సరిపోతుంది. లేవగానే మొదట పూర్ణం, పై పిండి ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. చల్లటి పూర్ణం గట్టిగా ఉండి పిండిని చింపేస్తుంది, ముప్పావుగంట బయట ఉంటే మెత్తబడుతుంది. ఆ ముప్పావుగంటలో తలంటు అయిపోతుంది.